కాఫీలో మీగడ: భయం దేనికి, జాగ్రత్త దేనికి

భద్రాచలం వంతెన దాటి సారపాక, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా ఖమ్మం వచ్చే దారిలో ‘బెల్లం టీ’ బోర్డులు తరచూ కనిపిస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళు అక్కడ ధీమాగా ఆగుతారు. చక్కెర కాదు కదా అని. అదే మనిషి ఇంట్లో కాఫీలో చెంచాడు మీగడ కలుపుతుంటే ‘అమ్మో, కొవ్వు’ అని చెయ్యి పట్టుకుంటాడు. రక్తంలో గ్లూకోజు సంగతే చూస్తే భయపడాల్సింది బెల్లానికి. బెల్లంలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఉండేది చక్కెరే.

పాలల్లో తీపి లాక్టోజ్ అనే చక్కెర వల్ల వస్తుంది. అది నీటిలో కరిగి ఉంటుంది. కొవ్వు పైకి తేలి మీగడ కడుతుంది. కాబట్టి మీగడ చిక్కనయ్యేకొద్దీ లాక్టోజ్ తగ్గుతుంది. 100 మిల్లీలీటర్ల పాలలో 5 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే, బజారులో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్‌లో 3, 4 గ్రాములే ఉంటుంది. పైగా కాఫీలో క్రీమ్ వేసేది చెంచాలతో, పాలు పోసేది అరకప్పు. ‘షుగర్ వచ్చింది, ఇక వెన్న తీసిన పాలే తాగాలి’ అనుకునేవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. డబుల్ టోన్డ్ ప్యాకెట్‌లో తగ్గింది కొవ్వు మాత్రమే, లాక్టోజ్ అంతే ఉంది.

లెక్క వేద్దాం. 100 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు, రెండు చెంచాల చక్కెరతో కలిపిన కాఫీలో 14, 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మూడు కప్పులు తాగితే 45 గ్రాముల దాకా. రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే దాన్ని లో-కార్బ్ ఆహారం అంటున్నారు. కీటో అయితే 50 లోపే. అంటే కీటో మనిషి అన్నం ముట్టకపోయినా, ఆ మూడు కాఫీలతోనే దాదాపు కోటా అయిపోతుంది. అదే చక్కెర లేని డికాషన్‌లో రెండు పెద్ద చెంచాల క్రీమ్ వేస్తే పిండిపదార్థం గ్రామున్నర దాటదు.

తెలుగునాట ఈ కొవ్వు ధైర్యం ఊరూరా పాకింది విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ వల్ల. 2018 నాటికి ఆయన పద్ధతి ఇంటింటి మాటయింది. అన్నం, చక్కెర, పాలు మానేసి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోవాలని ఆయన చెప్పారు. కొబ్బరినూనె, నెయ్యి, మీగడ వంటగదిలో మళ్ళీ ముందు వరుసకొచ్చాయి. వైద్యులు చాలామంది అభ్యంతరం చెప్పారు. నా మటుకు, పిండిపదార్థం తగ్గిస్తే షుగర్ తగ్గుతుందన్న మాటలో పేచీ లేదు. కొవ్వు ఎంతైనా తినొచ్చని జనం దాన్ని అర్థం చేసుకున్న తీరులోనే పేచీ ఉంది.

ఎందుకంటే, గ్రాము చక్కెరకు 4 కేలరీలైతే గ్రాము కొవ్వుకు 9. రెండు పెద్ద చెంచాల క్రీమ్‌లో ఏడున్నర గ్రాముల కొవ్వు, దాదాపు 75 కేలరీలు ఉంటాయి. అటువంటివి రోజుకు నాలుగు కప్పులు తాగితే 30 గ్రాముల కొవ్వు. అందులో 19 గ్రాముల దాకా సంతృప్త కొవ్వే, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2000 కేలరీలు తినేవారికి రోజుకు 22 గ్రాములు. కాఫీతోనే ఆ హద్దు దగ్గరికి వచ్చేశాక, కూరలో నెయ్యికి చోటెక్కడిది? షుగర్ ఉన్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు మామూలుగానే ఎక్కువ. ఇక మూడు పూటలా అన్నం మానకుండా, దాని మీద మీగడ కాఫీ కూడా చేర్చుకుంటే అది లో-కార్బ్ కాదు, ఉన్నదాని మీద అదనపు బరువు. కప్పు అన్నంలోనే 45 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ముందు సర్దుకోవాల్సింది అక్కడ.

ఇంట్లో మీగడైతే ఒక కిటుకు. పాలు కాచి చల్లార్చాక పైన కట్టిన తెట్టును అలాగే కాఫీలో వేస్తే తునకలుగా తేలి, నూనెచుక్కలు కనిపిస్తాయి. చెంచాడు మీగడను గ్లాసు అడుగున వేసి, రెండు చెంచాల వేడి డికాషన్ పోసి నురగ వచ్చేదాకా గిలకొట్టి, ఆ తర్వాత మిగతాది పొయ్యాలి. వెన్న తియ్యడానికి నాలుగు రోజులుగా గిన్నెలో దాస్తున్న మీగడ వద్దు, పులిసి ఉంటుంది, కాఫీలో విరుగుతుంది. పాలు రోజూ దొరకని గూడేల్లో వట్టి డికాషన్ తాగేవాళ్ళున్నారు. చక్కెర వెయ్యకపోతే షుగర్‌కు అంతకన్నా తేలికైన కప్పు లేదు.

అసలు మోసం పొడి ప్యాకెట్లలో ఉంది. పాలపొడిలా కనిపించే డెయిరీ వైట్‌నర్లలో చాలావాటిలో చక్కెర కలిపి ఉంటుంది. ‘క్రీమర్’ అని అమ్మే పొడుల్లో గ్లూకోజ్ సిరప్ పొడి, వనస్పతి వంటి కొవ్వు ఉండొచ్చు. ఆఫీసుల్లో, బస్టాండ్లలో మీట నొక్కితే వచ్చే కాఫీ చాలాచోట్ల చక్కెర ముందే కలిపిన పొడితో చేసిందే. ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చూడండి. ఎక్కువగా ఉన్నదాని పేరే ముందు రాస్తారు.

మీకు ఏది సరిపడుతుందో గ్లూకోమీటరు చెబుతుంది. కాఫీకి ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూడండి. కొందరికి కాఫీలోని కెఫీన్ వల్లే కాస్త పెరుగుతుంది, మీగడ వేసినా వెయ్యకపోయినా. పరగడుపు రక్తపరీక్ష రోజున మాత్రం ఏ కాఫీ వద్దు, నీళ్ళే.

అన్నిటికన్నా ముఖ్యమైనది మందుల విషయం. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ, ఎవరో చెప్పారని ఒక్కసారిగా అన్నం మానేసి మీగడ కాఫీతో సరిపెట్టుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక వస్తాయి. చర్లకో దుమ్ముగూడేనికో అవతల ఉన్న గూడెంలో రాత్రిపూట అది జరిగితే ఆసుపత్రి చేరడం తేలిక కాదు. మనిషి స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారిది ఇంకో చిక్కు. పిండిపదార్థం బాగా తగ్గిస్తే, మీటరులో షుగర్ మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో కీటో ఆమ్లాలు పేరుకుపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్నవారు, క్లోమగ్రంథి వాపు వచ్చి తగ్గినవారు మీగడ జోలికే పోవద్దు.

ఇవేవీ లేనివారు చక్కెర వెయ్యని కాఫీలో రోజుకు ఒకటి రెండు చెంచాల అసలు మీగడ వేసుకుంటే తప్పులేదు. అన్నం తగ్గించాలనుకునేవారు మాత్రం ముందు మీ మందుల చీటీ డాక్టరుకు చూపించి, మోతాదు మార్చాలా అని అడగండి.