మిగిలిన గుడ్డు కూడా అమానతే

కొన్నేళ్ళ క్రితం షాబాన్ నెలలో ఒక కోళ్ళ ఫారం యజమాని మా మద్రసాకు పది ట్రేల గుడ్లు పంపించారు. ట్రేకు 30 చొప్పున మొత్తం 300 గుడ్లు. విద్యార్థులకు తినిపించాలన్నది ఆయన సంకల్పం. కాని అవి వచ్చిన సమయం చూడండి! వార్షిక పరీక్షలు ముగిశాయి, పిల్లలు ఒక్కొక్కరుగా పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు బయలుదేరుతున్నారు. నిండుగా ఉండే దస్తర్‌ఖాన్ మీద ఇరవై మందికి మించి లేరు.

గుడ్ల మీద అక్కడక్కడ రెట్ట అంటుకుని ఉంది. కోడి రెట్ట మన హనఫీ ఫిఖ్హ్‌లో నజాసతె గలీజా, అంటే తీవ్రమైన అపవిత్రత. ఆ మసలా పిల్లలకు బోధించేవాణ్ణి నేనే గనుక, వంట చూసే పెద్దాయనను పిలిచి, "అన్నీ తొట్టిలో వేసి సబ్బుతో శుభ్రంగా కడిగించండి" అని చెప్పాను. ఆయన అలాగే చేశారు. తడి ఆరకముందే ట్రేలలో సర్ది వంటగది పక్క గదిలో పేర్చారు. చుట్టుపక్కల పేద కుటుంబాలకు కొన్ని పంచుదామని ఆయన సూచించారు. ఇది విద్యార్థుల హక్కు, ఇతరులకు ఇచ్చే అధికారం మనకు లేదని నేను వద్దన్నాను. ఎండలు ముదురుతున్నాయి. తొమ్మిదో రోజున ఆ గది తలుపు తీయగానే దుర్గంధం ముఖానికి కొట్టింది. సగానికి పైగా గుడ్లు పాడైపోయాయి. పెరట్లో గుంట తీయించి పూడ్పించాము.

రమజాన్‌లో ఆ దాత వచ్చారు. "పిల్లలు తృప్తిగా తిన్నారా మౌల్వీ సాబ్?" అని ఆప్యాయంగా అడిగారు. జరిగినదంతా చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "ఒక్క ఫోను చేయకపోయారా? పేదలకు పంచమనేవాణ్ణి కదా! అయినా గుడ్లు కడిగి నిల్వ పెడతారా ఎవరైనా?" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పాటించాననుకున్న రెండు మసలాలూ సరైనవే. అమానతును కాపాడే జ్ఞానం, ఒక ప్రశ్న అడిగే వినయం నాలో లోపించాయి. ఈ వ్యాసం ఆ లోపానికి చేసుకుంటున్న చిన్న పరిహారం.

ముందు తినడం, పంచడం. ఆ తర్వాత దాచడం

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. కార్తీకంలోను, శ్రావణంలోను ఎందరో మాంసాహారం మానుకోగా ధర దిగివస్తుంది. అప్పుడు ట్రేలకు ట్రేలు ఇంటికి చేరుతాయి. నాటుకోళ్ళు పెంచే ఇళ్ళలో పెట్టలన్నీ ఒకేసారి గుడ్లకు వస్తే బుట్ట నిండిపోతుంది. ఇలా చేతికి వచ్చిన అదనపు ఆహారం విషయంలో మన ధర్మం ఏమి బోధిస్తున్నది?

ఒక బక్రీద్ సందర్భంగా ఎడారి ప్రాంతాల నుండి పేదలు మదీనాకు తరలి వచ్చారు. ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి దాచుకోవద్దని, మిగిలినది దానం చేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. మరుసటి ఏడు ప్రజలు ఆ నిషేధాన్ని గురించి అడిగినప్పుడు, అది అప్పుడు వచ్చిన ఆ నిరుపేదల కోసమేనని, ఇక తినవచ్చు, దాచుకోవచ్చు, దానం చేయవచ్చునని అనుమతించారు. హజ్రత్ ఆయెషా (రజి) ఉల్లేఖించిన ఈ విషయం సహీహ్ ముస్లింలో ఉంది. నిల్వ చేయడం దోషం కాదని, పక్కవాడు ఆకలితో ఉండగా నిల్వ చేయడమే దోషమని దీనినిబట్టి అర్థమవుతున్నది.

కనుక ఇంటికి ట్రే రాగానే మొదట లెక్క చూసుకోవాలి. ఈ వారంలో మన ఇంట్లో ఎన్ని ఖర్చవుతాయి? మిగిలినవాటిలో ఇరుగుపొరుగుకు ఎన్ని పంపగలం? ఆ పైన ఉన్నవాటినే దాచే ప్రయత్నం చేయాలి. రెండో వారంలో వాసన చూసి ఇచ్చే గుడ్డు దానం అనిపించుకోదు. తాజాగా ఉన్నప్పుడు ఇచ్చినదే దానం. "నాలుగు గుడ్లు ఏమి పంపుతాం!" అని ఇల్లాలు సంకోచించనవసరం లేదు. పొరుగింటి స్త్రీ పంపిన కానుక గొర్రె గిట్ట అయినా దానిని అల్పంగా చూడవద్దని ప్రవక్త (స) ముస్లిం స్త్రీలకు బోధించారు. జుమా నమాజుకు ముందుగా వచ్చేవారి పుణ్యాన్ని వివరిస్తూ ఆయన ఒంటెతో మొదలుపెట్టి ఆవు, పొట్టేలు, కోడి అంటూ చివరకు గుడ్డు దానాన్ని కూడా పేర్కొన్నారు. అల్లాహ్ సన్నిధిలో గుడ్డుకు కూడా లెక్క ఉన్నది.

పొరుగువారు హిందూ సోదరులైతే ఒక్క మాట అడిగి పంపండి. వారు ఆ నెలలో నియమంలో ఉండవచ్చు, అసలు గుడ్డే ముట్టని కుటుంబమూ కావచ్చు. వారి మనసు నొప్పించకుండా ఇవ్వడం కూడా పొరుగు హక్కులో భాగమే. ఒక వర్గం కోసం ఇచ్చిన సదఖాను మరొకరికి మళ్ళించాలంటే దాత అనుమతి తీసుకోవాలి. అనుమతి అడగడానికి సిగ్గుపడి ఆహారాన్ని కుళ్ళబెట్టడం మాత్రం అమానతును కాపాడడం కాదు. ఈ మాట నాకు నేను చెప్పుకుంటున్నదే.

అల్లాహ్ తొడిగిన కవచం

యూసుఫ్ (అలైహిస్సలాం) రాజుగారి కలకు భావం చెబుతూ, ఏడేళ్ళ పంటలో తినేందుకు కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగిలినది వెన్నులలోనే ఉంచమని సూచించిన విషయం సూరా యూసుఫ్ 47వ ఆయత్‌లో ఉంది. ధాన్యానికి అల్లాహ్ ఇచ్చిన పొరను తీయకుండా దాచడం అందులోని కిటుకు. గుడ్డు సంగతి కూడా అంతే.

గుడ్డు పెంకు మీద కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. లోపల పెరిగే పిల్లకు గాలి అందడానికే ఈ ఏర్పాటు. ఆ రంధ్రాల గుండా సూక్ష్మక్రిములు చొరబడకుండా, గుడ్డు బయటికి వచ్చే వేళ దాని మీద ఒక పలుచని పూత ఏర్పడుతుంది. నీటితో, సబ్బుతో రుద్ది కడిగితే ఆ పూత పోతుంది. తడి పెంకు మీది మురికి రంధ్రాల ద్వారా లోపలికి దిగుతుంది. మా మద్రసా గుడ్లకు జరిగినది ఇదే.

మరి పవిత్రత మాటేమిటి? రెట్ట అంటిన గుడ్డును వండే ముందు కడగవలసిందే, అందులో సందేహం లేదు. ఇంటికి వచ్చిన రోజున కాదు, పగలగొట్టే లేదా ఉడకబెట్టే ముందు కడగాలి. నిల్వ చేసే సమయంలో ఎండిన రెట్టను పొడి గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. బాగా మురికి పట్టినవాటిని వేరు చేసి, అదే రోజు కడిగి వండుకోవాలి. ఈ విధంగా శరీఅత్ ఆదేశం, గుడ్డు రక్షణ రెండూ నెరవేరుతాయి.

నిల్వ చేసే పద్ధతులు

ఫ్రిజ్‌లో: కడగని, పగుళ్ళు లేని గుడ్లను సన్న కొన కిందికి ఉండేలా నిలబెట్టాలి. వెడల్పు వైపున ఉండే గాలి గది పైకి ఉంటే పచ్చసొన మధ్యలో నిలుస్తుంది. తలుపు అరలో పెట్టవద్దు, తెరిచి మూసినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది. లోపలి అరలో పెడితే నాలుగు వారాల వరకు బాగుంటాయి. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టినవాటిని బయట పెట్టి మళ్ళీ లోపల పెట్టరాదు. చల్లని పెంకు మీద చెమ్మ పట్టి, కడిగినంత పని చేస్తుంది. ట్రే మీద తేదీ వ్రాసి, పాతవి ముందుగా వాడాలి.

ఫ్రిజ్ లేని ఇంట్లో: మన ఎండాకాలంలో బయట ఉన్న గుడ్డును వారం రోజులకు మించి నమ్మరాదు. వెడల్పాటి కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, ఇసుకను రోజుకు రెండుసార్లు తడుపుతూ, నీడలో గాలి తగిలే చోట ఉంచితే లోపలి కుండ చల్లగా ఉంటుంది. గుడ్లు మాత్రం పొడిగా ఉండాలి, నీరు తగలకూడదు. పొయ్యి దగ్గర, కిటికీ ఎండలో గుడ్లు పెట్టడం చాలా ఇళ్ళలో కనిపించే పొరపాటు.

గడ్డకట్టించి: పెంకుతో ఉన్న గుడ్డును ఫ్రీజర్‌లో పెడితే పగిలిపోతుంది. పగలగొట్టి, తెల్లసొన పచ్చసొన కలిసేలా గిలకొట్టి, చిటికెడు ఉప్పు వేసి, మూత బిగిసే చిన్న డబ్బాలలో పెట్టాలి. ఉప్పు గాని చక్కెర గాని లేకపోతే పచ్చసొన జిగురుగా గట్టిపడుతుంది. డబ్బా మీద ఎన్ని గుడ్లో, ఏ తేదీయో వ్రాయండి. కరెంటు నిలకడగా ఉంటే కొన్ని నెలలు ఆగుతుంది. వాడే ముందు రాత్రి కింది అరలోకి దించి కరగనివ్వాలి. కరెంటు పోయి కరిగిపోయినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకుండా వెంటనే వండేయాలి.

ఉడికించి: ఉడికిన గుడ్లను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెడితే వారం లోపల తినవచ్చు. ఉడికినది ఎక్కువ కాలం ఆగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పచ్చి గుడ్డే ఎక్కువ రోజులు ఉంటుంది. ఉడకబెట్టడానికి కొంచెం పాత గుడ్లే మేలు, అప్పుడే పెట్టిన గుడ్డు పెంకు సరిగా ఊడిరాదు.

వంటింట్లో బర్కత్

ఒకేసారి ఎక్కువ గుడ్లు ఖర్చయ్యే వంటలు మన ఇళ్ళలో కొరత లేదు. హైదరాబాదీ టమాటే కా కట్‌లో డజను ఉడికిన గుడ్లు వేస్తే పది మంది అన్నం తింటారు. ఉల్లిపాయలు దండిగా వేసిన ఖగీనా సహరీకి రొట్టెలతో హాయిగా సాగుతుంది. నర్గిసీ కోఫ్తా అతిథులకు, కోడిగుడ్డు పులుసు నిత్యానికి.

అండే కా హల్వా కోసం 12 గుడ్లు, అర లీటరు పాలు, పావు కిలో చక్కెర, 150 గ్రాముల నెయ్యి తీసుకోండి. గుడ్లు, చల్లని పాలు, చక్కెర బాగా గిలకొట్టి, నెయ్యి వేసిన మందపాటి గిన్నెలో పోసి సన్నని సెగ మీద వదలకుండా కలపాలి. రవ్వలా విడిపోయి, నెయ్యి పైకి తేలాక ఏలకుల పొడి వేసి దించాలి. ఫ్రిజ్‌లో వారం పది రోజులు ఉంటుంది.

గుడ్డు పచ్చడి కోసం 12 గుడ్లు ఉడికించి, ఒలిచి, నిలువునా గాట్లు పెట్టి నూనెలో దోరగా వేయించండి. అదే నూనెలో అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, దించి, కారం, ఉప్పు, ఆవ మెంతి పిండి కలిపి, పూర్తిగా చల్లారాక ఐదారు నిమ్మకాయల రసం పిండాలి. ఒక హెచ్చరిక: ఇది మామిడికాయ ఆవకాయ లాంటిది కాదు. పులుపు గుడ్డు లోపలి దాకా చేరడానికి సమయం పడుతుంది. కనుక మొదటి రోజు నుండే ఫ్రిజ్‌లో ఉంచి, పొడి చెంచాతో తీస్తూ, రెండు వారాల లోపల ముగించాలి. జాడీలో బయట నిల్వ పెట్టడం ప్రమాదకరం.

పాడైనదాన్ని వదలడం కూడా ధర్మమే

వృథా చేయకూడదన్న ఆరాటంలో పాడైన గుడ్డును పిల్లలకు పెట్టడం మరొక తప్పు. అనుమానం వస్తే గిన్నెడు నీళ్ళలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజాది. అడుగునే నిలువుగా నిలబడితే పాతబడింది, త్వరగా వండాలి. పైకి తేలితే పక్కన పెట్టండి. ఈ పరీక్ష గుడ్డు వయసునే చెబుతుంది గనుక ప్రతి గుడ్డును విడిగా చిన్న గిన్నెలో పగలగొట్టి, చూసి, వాసన పట్టి, తర్వాతే మిగతావాటిలో కలపాలి. ఒక్కటి చెడితే పది గుడ్ల అట్టు పాడవుతుంది. లోపల నెత్తురుగా మారిపోయిన గుడ్డు అపవిత్రం, దాన్ని పారవేయాలి. పగిలిన గుడ్డును నిల్వ చేయరాదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేలా ఉడికించే పెట్టాలి.

ఖర్చులో హద్దు మీరేవారు షైతాను సోదరులని సూరా బనీ ఇస్రాయీల్ 27వ ఆయత్ హెచ్చరిస్తున్నది. ఆ ఆయత్ చదివినప్పుడల్లా మనకు పెళ్ళి విందులు, ఆడంబరాలు గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం మా పెరట్లోని ఆ గుంట గుర్తుకు వస్తుంది. దుబారా ఆర్భాటంతోనే జరుగుతుందని అనుకోకండి. అజ్ఞానంతో, బద్ధకంతో, రేపు చూద్దాంలే అన్న వాయిదాతో కూడా జరుగుతుంది.

ఆ మరుసటి ఏడు కూడా ఆ దాత షాబాన్‌లోనే గుడ్లు పంపించారు. ఈసారి ట్రేలు దించుకుంటూ ఉండగానే ఆయనకు ఫోను చేశాను. అనుమతి తీసుకుని, వీధిలోని ఇళ్ళకు సాయంత్రానికల్లా పంచాము. మిగిలినవి కడగకుండా చల్లని గదిలో ఉంచి వారంలోపల తిన్నాము. ఒక్క గుడ్డు కూడా గుంటలోకి పోలేదు, అల్‌హమ్దులిల్లాహ్.

తాను ప్రసాదించిన ప్రతి వరానికి విలువ కట్టే మనసును, దానిని కాపాడే జ్ఞానాన్ని, పంచుకునే చేతులను అల్లాహ్ మనకందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.