ఒంటి గంట ఎందుకు మోగుతుంది?

లెక్కల మాస్టారు బోర్డు మీద సిద్ధాంతం రాస్తున్నారు. ఇంటర్వెల్ అయి అరగంటే అయింది. అప్పుడు మీరు వెళ్లే వచ్చారు. అయినా ఉన్నట్టుండి ఆగలేనంత తొందర! చిటికెన వేలు చూపించి "ఒంటికి వెళ్లొస్తా సార్" అని అడగాలంటే సిగ్గు. వెనుక బెంచీలో నవ్వుతారేమోనని భయం. దాంతో కొందరు పిల్లలు ఒక ఉపాయం కనిపెడతారు. బడికి వచ్చాక నీళ్లు తాగడమే మానేస్తారు!

ఇది మంచి ఉపాయమేనా? తేల్చేముందు చిన్న లెక్క చేద్దాం.

పెద్దవారిలో మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో దాదాపు 99 శాతాన్ని తిరిగి రక్తంలోకే పంపేస్తాయి. మూత్రంగా మిగిలేది సుమారు ఒకటిన్నర లీటరు. రోజుకు 1440 నిమిషాలు కదా! అంటే నిమిషానికి ఇంచుమించు ఒక మిల్లీలీటరు. అరగంటకు 30 మిల్లీలీటర్లు.

మరి మూత్రాశయంలో ఎంత పడుతుంది? పిల్లల విషయంలో వైద్యులు ఒక సులువైన సూత్రం వాడతారు. వయసుకు 1 కలిపి 30తో హెచ్చించాలి. పన్నెండేళ్ల వారికి 390 మిల్లీలీటర్లు వస్తుంది. అంటే ఆ అరగంటలో నిండింది పదమూడో వంతు మాత్రమే! ఒకేసారి చెంబెడు నీళ్లు తాగినా, చలివేసినా వేగం పెరుగుతుందనుకోండి. అయినా లెక్క ఒక సంగతి చెబుతోంది. తొందర కలిగిన ప్రతిసారీ సంచి నిండినట్టు కాదు.

మరి గంట ఎవరు కొడుతున్నారు?

మూత్రాశయం కండరంతో చేసిన సంచి. నిండేకొద్దీ బెలూనులా సాగుతుంది. ఆ సాగుదలను పసిగట్టడంలో 'పీజో2' అనే ప్రోటీనుకు ముఖ్యమైన పాత్ర ఉందని 2020లో తెలిసింది. పుట్టుకతో అది లోపించిన వారికి సంచి నిండిన సంగతి సరిగా తెలియదు. గడియారం చూసుకుని వెళ్లవలసి వస్తుంది. పీజో ప్రోటీన్లను కనుగొన్న ఆర్డెమ్ పటాపౌటియన్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

సాగిన కబురు నాడుల ద్వారా వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు చేరుతుంది. మెదడు కాండంలో మూత్రవిసర్జనను నడిపే కేంద్రం ఉందని బారింగ్టన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1925లో పిల్లులపై ప్రయోగాలతో చూపాడు. ఆ కేంద్రం 'సరే' అంటే సంచి కండరం ముడుచుకుంటుంది. ద్వారం దగ్గర ఉంగరంలా ఉన్న సంవరిణీ కండరాలు వదులవుతాయి. కాని దానికి పై అధికారి ఒకరున్నారు. అదే ఆలోచించే మెదడు. "ఇప్పుడు కాదు, ఆగు" అనగలదు.

పసిపిల్లల్లో ఈ అధికారి ఇంకా పనిలో చేరలేదు. అందుకే పక్క తడుపుతారు. పెరిగేకొద్దీ నేర్చుకుంటారు. చూశారా, ఇది నేర్చుకునే విద్య! కనుక తప్పిన అలవాటును మళ్లీ సరిదిద్దవచ్చు.

ఇప్పుడు మన ఉపాయం సంగతి. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడుతుంది. చిక్కని మూత్రం కొందరిలో మూత్రాశయపు లోపొరను చికాకు పెట్టి, తొందరను పెంచుతుంది. సూక్ష్మజీవులను కడిగివేసే ధార కూడా తగ్గుతుంది. మలబద్ధకం ఏర్పడితే, నిండిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. అంటే ఉపాయమే అపాయం అన్నమాట!

అయితే ఏం చెయ్యాలి? నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగండి. టీ, కాఫీ, కోలాలు తగ్గించండి. రెండు మూడు గంటలకొకసారి, తొందర లేకపోయినా, వెళ్లిరండి. హడావిడి పడకుండా పూర్తిగా ఖాళీ చెయ్యండి. గంటల తరబడి బిగబట్టడం మాత్రం మంచిది కాదు.

ఇప్పుడే వెళ్లివచ్చినా మళ్లీ తొందర కలిగితే పరుగెత్తకండి. కదలకుండా కూర్చోండి. ధారను మధ్యలో ఆపేటప్పుడు బిగించే కండరాలను నాలుగైదుసార్లు బిగించి వదలండి. మెల్లగా ఊపిరి తీసుకుంటూ 100 నుంచి వెనక్కు లెక్కపెట్టండి. ఆ కండరాలు బిగిస్తే సంచి కండరం సడలుతుంది. తొందర అలలాంటిది. లేస్తుంది, విరుగుతుంది. విరిగాక నింపాదిగా నడిచి వెళ్లవచ్చు.

రెండు రోజులపాటు ఎప్పుడు, ఎంత నీరు తాగారో, ఎన్నిసార్లు వెళ్లారో నోటు పుస్తకంలో రాయండి. పగలు నాలుగు నుంచి ఏడుసార్లు మామూలే. ఎనిమిది దాటుతుంటే ఆ పుస్తకం డాక్టరుగారికి చూపించండి.

కొన్ని గుర్తులుంటే మాత్రం ఆలస్యం తగదు. మంట, జ్వరం, రక్తం కనిపిస్తే సూక్ష్మజీవులు చేరి ఉండవచ్చు. విపరీతమైన దాహంతో మాటిమాటికీ పోతూ, బరువు తగ్గుతుంటే మధుమేహం కావచ్చు. ఆ రోజే అమ్మకో నాన్నకో చెప్పండి. బట్టలు తడుస్తున్నా దాచవద్దు. అది సోమరితనమూ కాదు, తప్పూ కాదు.

2019లో కేరళ బడుల్లో పిల్లలు నీళ్లు తాగడానికే ప్రత్యేకంగా 'వాటర్ బెల్' కొట్టడం మొదలుపెట్టారు. ఆ గంట మోగాక మన ఒంటి గంటా మోగుతుంది. అందుకు శుభ్రమైన మరుగుదొడ్డి, వెళ్లనిచ్చే మాస్టారు కూడా కావాలి. ఈసారి మీ పక్క బెంచీ నుంచి ఒక చిటికెన వేలు లేస్తే, మీరు నవ్వకండి. ఆ వేలు ఎత్తడానికి ఎంత ధైర్యం కావాలో మీకు తెలుసు కదా!