తల్లి ఊపిరే బిడ్డ ఊపిరి: ఎక్మో అంటే ఏమిటి?

2021 మే నెల. మా వదినకు ఏడో నెల. కోవిడ్ వచ్చి ఆయాసపడుతుంటే, నెలలు కదా, మామూలే అని రెండు రోజులు ఇంట్లోనే ఉంచాం. తర్వాత బెంగళూరులో ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. ఇంకో రెండు రోజులకు అన్న ఫోన్లో చెప్పిన మాటను మా నాయన క్యాలెండర్ వెనక "ఎగ్మో" అని రాసుకున్నాడు. అవ్వ ఒకటే అడిగింది: "తల్లినా, బిడ్డనా, ఎవరిని కాపాడతారంట?" ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఇది.

నెలలు నిండేకొద్దీ గర్భసంచి పెరిగి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని దాదాపు 4 సెంటీమీటర్లు పైకి నెడుతుంది. ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి తగ్గుతుంది. ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం సుమారు 20 శాతం పెరుగుతుంది. నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ! అందుకే న్యుమోనియా వస్తే గర్భిణి పరిస్థితి తొందరగా దిగజారుతుంది.

వెంటిలేటర్ గాలిని లోపలికి పంపుతుంది, అంతే. అందులోని ఆక్సిజన్‌ను రక్తంలో కలపాల్సింది ఊపిరితిత్తులే. వాటికి ఆ శక్తి లేనప్పుడు ఎక్మో. తొడ దగ్గరి సిర నుంచి రక్తాన్ని గొట్టంతో బయటికి తీస్తారు. పంపు దాన్ని సన్నని పొరలున్న పరికరం గుండా నడిపిస్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ పోయి ఆక్సిజన్ చేరుతుంది. ఆ రక్తం మెడ సిర ద్వారా మళ్లీ ఒంట్లోకి వెళ్తుంది.

ఈ మిషను జబ్బును నయం చేయదు. ఊపిరితిత్తులు కోలుకోవడానికి గడువు ఇస్తుంది. ప్రమాదమూ ఉంది. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది మాయను దాటి బిడ్డను చేరదు కానీ, తల్లికి రక్తస్రావం కావచ్చు. అందుకే ఐసీయూ డాక్టర్లు, కాన్పు డాక్టర్లు, పసిపిల్లల డాక్టర్లు కలిసి చూసుకోవాలి. 2009 స్వైన్ ఫ్లూ కాలంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో గర్భిణులకు, బాలింతలకు ఎక్మో పెడితే ఎక్కువమంది బతికారు.

అవ్వ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కడుపులోని బిడ్డకు వేరే ఊపిరి లేదు. తల్లి రక్తంలోని ఆక్సిజనే మాయ ద్వారా అందాలి. తల్లిని నిలబెట్టడమే బిడ్డను నిలబెట్టే మొదటి దారి.

వదినకు పదకొండో రోజున మిషను తీశారు. పాప నెలలు నిండాకే పుట్టింది. కానీ మేము పోగొట్టిన ఆ రెండు రోజులు నాకింకా గుర్తే. మీ ఇంట్లో గర్భిణికి జ్వరం, దగ్గుతో ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 95 కంటే తగ్గినా "మామూలే" అనకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.