ఆవిరి యుగపు చీట్లాట

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండును ఆవిరియంత్రం నడిపింది. రైళ్లు, మరమగ్గాలు, ముద్రణాయంత్రాలు దాని బలంతోనే కదిలాయి. ఆ యుగం గడచిపోయినా దాని ఆకర్షణ తగ్గలేదు. విద్యుత్తుకు బదులు ఆవిరే లోకాన్ని నడుపుతూ ఉంటే ఎలా ఉండేదో ఊహించే సాహిత్యశాఖ ఒకటి తరువాతి కాలంలో బయలుదేరింది. జూల్స్ వెర్న్, హెచ్.జి. వెల్స్ రచనలు దానికి స్ఫూర్తి. 1987లో అమెరికా రచయిత కె.డబ్ల్యు. జీటర్ దానికి 'స్టీమ్‌పంక్' అని పేరు పెట్టాడు. ఇత్తడి పళ్లచక్రాలు, గాలి ఓడలు చిత్రించిన చీట్లను జట్లుజట్లుగా కూర్చి గెలిచే తేలికపాటి ఆటలు కూడా ఆ ఊహాలోకం నుండి పుట్టాయి. అయితే జట్లు కూర్చే ఆటలలో మిక్కిలి పేరొందిన ఒకటి నిజమైన ఆవిరి యుగంలోనే జన్మించింది.

1851 మే 1 నుండి అక్టోబరు 15 వరకు లండన్ నగరంలోని హైడ్ పార్కులో, గాజుతోను ఇనుముతోను నిర్మించిన స్ఫటిక సౌధంలో మహాప్రదర్శన జరిగింది. యంత్రాల వైభవాన్ని చూడడానికి వచ్చినవారి సంఖ్య అరవై లక్షలు. ఆ రోజులలోనే జాన్ జాక్స్ అనే ఆటవస్తువుల వ్యాపారి 'హ్యాపీ ఫ్యామిలీస్' అనే చీట్లాటను రూపొందించాడు. సుఖంగా ఉన్న కుటుంబాలు అని దాని అర్థం. చీట్లపై ఉన్న వికృతమైన, నవ్వు పుట్టించే బొమ్మలు 'ఆలిస్' కథలకు చిత్రాలు గీసిన జాన్ టెనియల్‌వని చెబుతారు గాని, వాటిపై చిత్రకారుని పేరు లేదు.

ఇందులో రాజులు, రాణులు లేరు. ఉన్నవారందరూ వృత్తులవారే. రొట్టెలు చేసే బన్, మాంసం అమ్మే బోన్స్, దర్జీ టేప్, వైద్యుడు డోస్, పొగగొట్టాలు శుభ్రం చేసే సూట్. బోన్స్ అంటే ఎముకలు, టేప్ అంటే కొలత పట్టీ, సూట్ అంటే మసి. పేరులోనే పరిహాసం ఉంది. ప్రతి కుటుంబానికి నాలుగు చీట్లు: యజమాని, భార్య, కొడుకు, కూతురు. చీట్లన్నింటినీ కలిపి ఆటగాళ్లకు పంచుతారు. ఎక్కువ కుటుంబాలను పూర్తి చేసినవారు విజేతలు.

ఆటలోని కీలకమంతా అడగడంలోనే ఉంది. తన వంతు వచ్చినవారు మరొకరిని ఫలానా చీటీ ఇమ్మని అడగాలి. ఆ కుటుంబానికి చెందిన చీటీ ఒక్కటైనా తన చేతిలో లేనిదే అడిగే హక్కు లేదు. అవతలివారి దగ్గర అది ఉంటే ఇవ్వక తప్పదు. అడిగినవారు మరల అడగవచ్చు. లేకుంటే 'వారు ఇంట్లో లేరు' అని జవాబు చెప్పడం మర్యాద. అప్పుడు వంతు మారుతుంది. 'బన్ గారి అమ్మాయి మీ దగ్గర ఉన్నదా?' అని ఒకరు అడిగారనుకుందాం. ఆ ప్రశ్న ఫలించినా ఫలించకున్నా, అడిగినవారి చేతిలో బన్ కుటుంబీకులు ఎవరో ఒకరున్నారని అందరికీ తెలిసిపోతుంది. కోరిక వెలిబుచ్చడమంటే రహస్యం బయటపెట్టడమే! వినికిడి, జ్ఞాపకం ఉన్నవారు తమ వంతు రాగానే ఆ చీటీని లాగేసుకుంటారు. మరొక విశేషం: ఇతరుల చేతిలోని చీట్లను ఎవరూ తనిఖీ చేయరు. ఒక్కరు అబద్ధమాడినా ఆట చెడుతుంది.

చీట్లపై సుఖంగా కనిపించే కుటుంబాలన్నీ నిజజీవితంలో సుఖపడలేదు. మసి పూసుకున్న సూట్ గారి అబ్బాయిని చూసి పిల్లలు నవ్వుకొనే కాలంలో, అటువంటి పిల్లలే ఇరుకైన పొగగొట్టాలలోకి ఎక్కేవారు. ఇరవైయొక్క ఏళ్లలోపువారిని ఆ పనికి దింపరాదని 1840లోనే చట్టం వచ్చినా దానిని లెక్కచేసినవారు తక్కువ. 1875లో కేంబ్రిడ్జ్ సమీపాన జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు పొగగొట్టంలో ఇరుక్కొని మరణించిన పిమ్మటనే, ఆ ఏడాది గట్టి చట్టం అమలులోకి వచ్చింది.

జట్లు కూర్చే సూత్రం తెలుగువారికి కొత్త కాదు. రమ్మీలో పదమూడు ముక్కలను వరుసలుగా, జట్లుగా పేర్చడమూ అదే. ఇక్కడ కోరికను నోటితో చెప్పరు, పారవేసిన ముక్కే చెబుతుంది. 1967 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే గుర్తించింది. పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి కనుక, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి కనుక, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పు చెప్పింది. జాక్స్ ఆటలో ఓడినవారు పోగొట్టుకొనేది కాగితపు కుటుంబాలను మాత్రమే. పందెం చేరిన రమ్మీ సంగతి వేరు. అక్కడ నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఓడినవాని ఇల్లు నిలవదు. అప్పులపాలైన ఇళ్ల గోడు విని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం పాటించకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.