మేనరికం గురించి పిల్లలు అడిగితే...



పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం మొదలవగానే కొందరు పిల్లలు ఇంటికొచ్చి ఒక ప్రశ్న అడుగుతారు. “అమ్మా, నువ్వూ నాన్నా బావామరదళ్లు కదా! మరి నాకేమైనా అవుతుందా?” “అవన్నీ నీకెందుకు, వెళ్లి చదువుకో” అని దాటేయకండి. వాళ్లు అడిగింది చదువు గురించే. జవాబు కూడా ఆ పాఠంలోనే ఉంది.

బఠానీ మొక్కలు చెప్పింది

గ్రెగర్ మెండల్ 1856 నుంచి 1863 వరకు బఠానీ మొక్కలపై ప్రయోగాలు చేశాడు. పొడుగు మొక్కను పొట్టి మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పొడుగు మొక్కలే వచ్చాయి. వాటి గింజలు మళ్లీ నాటితే 787 పొడుగువి, 277 పొట్టివి మొలిచాయి. అంటే దాదాపు మూడింటికి ఒకటి. పొట్టి లక్షణం మొదటి తరంలో పోలేదు, దాగి ఉందంతే. అలా దాగి ఉండేదాన్ని అంతర్గత లక్షణం అంటారు.

మనుషుల్లోనూ అంతే. దాదాపు ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. థలసీమియా వ్యాధినే తీసుకోండి. జంటలో ఒక్కటే లోపమున్న జన్యువైతే మనిషి మామూలుగానే ఉంటాడు. ఇలాంటివారిని క్యారియర్ అంటారు. చాలామందికి తాము క్యారియర్లమని తెలియనే తెలియదు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం, ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం.

ఇక్కడ చాలామంది పొరబడతారు. నాలుగింట ఒకటి అంటే, మొదటి బిడ్డకు వ్యాధి వస్తే తర్వాతి ముగ్గురూ క్షేమమని కాదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలవుతుంది.

మేనరికంలో మారేదేమిటి?

మన దేశంలో సగటున 100 మందిలో 3 నుంచి 4 మంది థలసీమియా క్యారియర్లు. ఒక క్యారియర్ బయటి సంబంధం చేసుకుంటే, ఎదుటివారు కూడా క్యారియర్ అయ్యే అవకాశం సుమారుగా అంతే. అదే మేనమామ కూతురో, మేనత్త కొడుకో అయితే ఆ అవకాశం కనీసం ఎనిమిదింట ఒకటి, అంటే 12.5 శాతం. ఎందుకంటే ఆ లోపం ఇద్దరికీ ఒకే తాత నుంచో అమ్మమ్మ, నాయనమ్మల నుంచో వచ్చి ఉండవచ్చు. మేనమామ, అక్క కూతుళ్ల పెళ్లిలో ఇది ఇంకా ఎక్కువ.

అలాగని మేనరికపు పిల్లలందరికీ జబ్బులొస్తాయని కాదు. ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. తీవ్రమైన థలసీమియా సాధారణంగా రెండేళ్లలోపే బయటపడుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మీ పదిహేనేళ్ల బిడ్డకు ఆ భయం అక్కర్లేదని ధైర్యంగా చెప్పండి.

ఇంకో మాట కూడా చెప్పండి. ఇలాంటి వ్యాధితో బిడ్డ పుడితే “కోడలి వల్లే” అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. థలసీమియా లాంటి అంతర్గత లక్షణం బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాల్సిందే. తప్పు ఎవరిదీ కాదు. నింద ఒక్కరిపైనే వేయడం అసలే కుదరదు.

మనం చేయగలిగింది

క్యారియర్ అవునో కాదో రక్తపరీక్షతో తెలుస్తుంది. థలసీమియాకైతే హిమోగ్లోబిన్ ఏ2 శాతం చూస్తారు. పెళ్లికి ముందు చేయించుకుంటే మంచిది. అప్పుడు కాకపోతే గర్భం దాల్చిన తొలి వారాల్లోనైనా ఇద్దరూ చేయించుకోవాలి. కుటుంబంలో చిన్నప్పటి నుంచి రక్తం ఎక్కించుకుంటున్నవారు ఉంటే, దాన్ని దాచకుండా డాక్టరుకు చెప్పండి. జాతకాలు చూపించే ఇంట్లో ఈ రిపోర్టు కూడా చూడటం తప్పేమీ కాదు.

ఈ ఆదివారం మీ పిల్లలతో...

రెండు రూపాయి నాణేలు తీసుకోండి. ఒకటి అమ్మ, ఒకటి నాన్న. బొమ్మ పడితే మంచి జన్యువు, బొరుసు పడితే లోపమున్న జన్యువు. రెండూ కలిపి 40 సార్లు ఎగరేసి, రెండూ బొరుసు పడినవి ఎన్నో రాయమనండి. 10కి దగ్గర్లో వస్తాయి, కచ్చితంగా 10 రాకపోవచ్చు. వరసగా రెండుసార్లు అలా పడటం కూడా కనిపించవచ్చు. అవకాశం అంటే ఏమిటో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది.