కోతల కాలంలో నగదు, బ్యాంకుల ద్రవ్యత్వం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• బ్యాంకింగ్ వ్యవస్థలో ద్రవ్యత్వం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• దాన్ని పెంచే, తగ్గించే లావాదేవీలను గుర్తించగలుగుతారు.
• రిజర్వు బ్యాంకు ఏ సాధనాన్ని ఎప్పుడు వాడుతుందో వివరించగలుగుతారు.

1. పరిచయం

మనకు బ్యాంకులో ఖాతా ఉన్నట్లే, బ్యాంకులకు రిజర్వు బ్యాంకులో ఖాతాలు ఉంటాయి. ఒక బ్యాంకు మరో బ్యాంకుకు చెల్లించవలసిన సొమ్ము ఈ ఖాతాల ద్వారానే చేరుతుంది. అన్ని బ్యాంకుల ఖాతాలలో ఉన్న మొత్తం నిల్వ అవసరానికి మించితే ద్రవ్యత్వం మిగులులో ఉందనీ, చాలకపోతే లోటులో ఉందనీ అంటారు. లోటు ఏర్పడితే బ్యాంకులు పరస్పరం ఒక రాత్రికి తీసుకొనే అప్పులపై వడ్డీ పెరుగుతుంది. అది కొనసాగితే వ్యాపార, గృహ రుణాల దాకా ప్రభావం పాకుతుంది.

2. ద్రవ్యత్వం ఎప్పుడు మారుతుంది?

సార్వా వరి కోతల సమయంలో గన్నవరం ప్రాంతంలో జరిగే మూడు లావాదేవీలను ఊహించండి.

(అ) మిల్లు యజమాని, వేరే బ్యాంకులో ఖాతా ఉన్న రైతుకు ధాన్యం సొమ్ము లక్ష రూపాయలు పంపాడు. ఒక బ్యాంకు నిల్వ తగ్గింది, మరో బ్యాంకు నిల్వ అంతే పెరిగింది. మొత్తం మారలేదు.

(ఆ) ఆ రైతు కూలీలకు, కోత యంత్రం అద్దెకు 40,000 రూపాయల నగదు తీసుకున్నాడు. బ్యాంకు ఆ నగదును కరెన్సీ చెస్ట్ నుంచి తిరిగి తెచ్చుకుంటే, రిజర్వు బ్యాంకులోని దాని ఖాతాలో అంత మేరకు తగ్గుతుంది. ఆ సొమ్ము మరే బ్యాంకుకూ చేరలేదు. కాబట్టి మొత్తం ద్రవ్యత్వం తగ్గింది.

(ఇ) విజయవాడలోని ఒక కంపెనీ డిసెంబరు 15న ముందస్తు ఆదాయపు పన్ను చెల్లించింది. ప్రభుత్వ ఖాతా ఉండేది రిజర్వు బ్యాంకులోనే. ప్రభుత్వం ఖర్చు చేసేవరకు ఆ సొమ్ము బ్యాంకులకు తిరిగి రాదు. ఇక్కడా ద్రవ్యత్వం తగ్గింది.

ఒక్క శాఖలో ఇది చిన్న మొత్తమే. దేశమంతటా ఒకేసారి జరిగితే లోటు ఏర్పడుతుంది.

3. రిజర్వు బ్యాంకు సాధనాలు

లోటు కొద్ది రోజులదైతే రెపో సరిపోతుంది. ప్రభుత్వ సెక్యూరిటీలను హామీగా తీసుకొని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్వల్పకాలానికి సొమ్ము ఇస్తుంది. గడువు తీరాక ఆ సొమ్ము తిరిగి వస్తుంది. 2000 జూన్‌లో ప్రారంభమైన ద్రవ్యత్వ సర్దుబాటు సదుపాయానికి ఇదే ఆధారం. మిగులు ఉంటే ఇందుకు భిన్నంగా రిజర్వు బ్యాంకే సొమ్ము తీసుకొని వడ్డీ చెల్లిస్తుంది.

లోటు దీర్ఘకాలికమైతే రిజర్వు బ్యాంకు బహిరంగ మార్కెట్లో సెక్యూరిటీలు కొంటుంది, లేదా నగదు నిల్వల నిష్పత్తిని తగ్గిస్తుంది. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో, దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉండగా, ఈ నిష్పత్తిని అక్టోబరు నుంచి మరుసటి జనవరి లోపల 9 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు.

4. 2016: నోట్లకు కరువు, నిల్వలకు వరద

2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లను రద్దు చేశారు. అది సార్వా కోతల కాలం. కూలీలకు ఇవ్వడానికి రైతు చేతిలో చెల్లే నోట్లు లేవు. సాధారణంగా ఖాతా నుంచి వారానికి 24,000 రూపాయలకు మించి తీసుకొనే వీలు లేకపోయింది. అదే సమయంలో పాత నోట్లు డిపాజిట్లుగా మారి బ్యాంకులలో ద్రవ్యత్వం పొంగిపొర్లింది. పై (ఆ) ఉదాహరణ తలకిందులైంది. అప్పుడు రిజర్వు బ్యాంకు సెప్టెంబరు 16, నవంబరు 11 మధ్య పెరిగిన డిపాజిట్లపై 100 శాతం అదనపు నగదు నిల్వ ఉంచాలని ఆదేశించి, కొద్ది రోజుల తరవాత డిసెంబరులో ఉపసంహరించింది.

కాబట్టి ప్రజల చేతిలోని నగదు, బ్యాంకుల ద్రవ్యత్వం ఒకటి కావని గమనించండి. ఒకటి పెరిగినప్పుడు రెండోది తగ్గవచ్చు.

5. సారాంశం

బ్యాంకుల మధ్య బదిలీలు మొత్తం ద్రవ్యత్వాన్ని మార్చవు. నగదు ఉపసంహరణ, పన్ను చెల్లింపు దాన్ని తగ్గిస్తాయి. నగదు డిపాజిట్, ప్రభుత్వ వ్యయం పెంచుతాయి. మార్పు తాత్కాలికమా, దీర్ఘకాలికమా అన్నదాన్ని బట్టి రిజర్వు బ్యాంకు సాధనాన్ని ఎంచుకుంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ప్రభుత్వం ధాన్యం సొమ్మును రైతుల ఖాతాలలో జమ చేస్తే ద్రవ్యత్వం ఏమవుతుంది?
2. పన్ను గడువు వల్ల వచ్చిన లోటుకు రెపో ఎందుకు తగిన సాధనం?
3. మీ ఊరిలో నగదు అవసరం ఏ నెలల్లో పెరుగుతుంది? కారణాలు రాయండి.