చట్రం మీది అక్షరాలు

మన ఆలయాల్లో పాత పటం చట్రం చివికిపోతే కొత్తది చేయించి బిగించేస్తాం. పాతదాన్ని ఏం చేశామో తరువాత ఎవరికీ గుర్తుండదు. బెల్జియంలోని ఘెంట్ నగరం సంగతి విన్నాక, అంత తొందర కూడదనిపించింది మాకు.

అక్కడి సెయింట్ బావో కెథడ్రల్‌లో ఓక్ పలకల మీద నూనె రంగులతో వేసిన బలిపీఠ చిత్రం ఉంది. ప్రకటన గ్రంథంలో మనం చదివే గొర్రెపిల్ల మధ్యలో పీఠం మీద నిలిచి ఉంటుంది, చుట్టూ దూతలు, భక్తులు. దీన్ని హ్యూబర్ట్ వాన్ ఐక్ మొదలుపెట్టాడనీ, తమ్ముడు యాన్ 1432లో ముగించాడనీ ఎలా తెలిసింది? చట్రం మీద రాసిన లాటిన్ పద్యం వల్ల. ఎవరో దాని మీద రంగు పూసేశారు. 1823లో బెర్లిన్‌లో ఆ రంగు తీశాకే అక్షరాలు బయటపడ్డాయి. రెక్కల పలకలు బెర్లిన్‌కు ఎందుకు చేరాయంటారా? 1816లో దేవాలయంవారే అమ్ముకున్నారు! 1894లో అక్కడివాళ్లు రెండు వైపులా ఒకేసారి చూపాలని ఆ పలకలను నిలువునా రెండు పొరలుగా కోశారు. అవి తిరిగి ఇల్లు చేరింది 1920లో.

గొర్రెపిల్ల ముఖం మీద కూడా 16వ శతాబ్దంలో రంగు పూశారు. 1950ల్లో కొంత రంగు తీస్తే అసలు చెవులు బయటపడ్డాయి. పై చెవులు అలాగే ఉండటంతో చాలా ఏళ్లు దానికి నాలుగు చెవులు! 2012లో మొదలైన మరమ్మతులో నిపుణులు పై రంగును ఓపికగా తొలగించారు. మనుషుల్లా ఎదురుగా చూసే అసలు ముఖం అప్పుడు కనబడింది. చట్రాలనూ అలాగే శుభ్రం చేస్తే, అవి రాతితో చేసినట్టు కనబడేలా మొదట రంగు వేశారని తేలింది.

ఇలాంటివాటిని వేరేచోటికి అరువిస్తే గండం ఎక్కువ. గాలిలో తేమ పెరిగితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. చట్రం గట్టిగా బిగిసి ఉంటే కదలడానికి చోటు లేక పలక చీలుతుంది, రంగు పెచ్చులూడుతుంది. అందుకే బయలుదేరేముందు ప్రతి బీటనూ ఫొటోతో సహా రాసుకుంటారు. మెత్తలు పరచిన పెట్టెలో పంపుతారు. చేరగానే పెట్టె విప్పరు, అక్కడి గాలికి అలవాటు పడేదాకా ఆగుతారు.

2020లో ఈ చిత్రం బయటి పలకలను అదే నగరపు మ్యూజియంలో ప్రదర్శనకు ఇచ్చారు. మరమ్మతు కూడా ఆ మ్యూజియంలోనే జరిగింది, గాజు వెనుక నిపుణులు పని చేస్తుంటే జనం చూసేవారు. దగ్గరలోనే కాబట్టి ఇవ్వడం తప్పు కాదనే మా అభిప్రాయం. అయితే కరోనా వల్ల మార్చిలోనే ఆ ప్రదర్శన ఆగిపోయింది. ఆ తరువాత పలకలను కెథడ్రల్‌లోనే, తేమను అదుపులో ఉంచే గాజు పెట్టెలో పెట్టారు. ఒక్కటి మాత్రం నకలు. అసలు పలక 1934లో దొంగల పాలైంది, నేటికీ దొరకలేదు.